అల్లుడి తూటాలకు సైజింగ్ మిషన్: లైమనా, స్టారా, ఉన్న లీ డై చాలా?

పటమట_టర్నర్

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ లేతు బెడ్ అరుగుదల గురించో, టిప్పులు ఏ కంపెనీవి బాగున్నాయనో రాసేవాణ్ణి. ఈసారి విషయం కొంచెం తేడా, నవ్వకండి.

మా అల్లుడు హ్యూస్టన్ దగ్గర ఉంటాడు. గ్రీన్‌కార్డు వచ్చాక షూటింగ్ పిచ్చి పట్టుకుంది. సొంత వాడకానికైతే ఇంట్లో సీసం కరిగించి తూటాలు పోసుకోవచ్చట అక్కడ, రెండేళ్లుగా గ్యారేజీలో ఇదే పని. 357 మాగ్నం రివాల్వర్ ఒకటి, పాత కౌబాయ్ బొమ్మల్లో ఉండే లీవర్ రైఫిల్ 30-30 ఒకటి ఉన్నాయి. నెలకి మూడు నాలుగొందలు కాలుస్తాడు. గొడవంతా రివాల్వర్‌తోనే. యాభై రౌండ్లు అయ్యేసరికి బ్యారెల్ లోపల సీసం పట్టేస్తోంది, గీజర్ కాయిల్‌కి ఉప్పు పట్టినట్టు. అరగంట బ్రష్ వేసి తోమితే గానీ పోవట్లేదు.

పోసిన తూటాని సరైన లావుకి తేవడాన్ని సైజింగ్ అంటారు. దానికి ఇప్పుడు వాడేది లీ కంపెనీ చిన్న డై, కొలత రంధ్రం ఉన్న ఉక్కు ముక్క. ప్రెస్సులో బిగించి కింది నుంచి తోస్తే సైజై పై డబ్బాలో పడతాయి. తూటా సాఫీగా జారడానికి వేసే పూతకి ఆ కంపెనీ వాళ్లదే ద్రవం, సీసాలో వస్తుంది. అల్లుడు ఏమంటాడంటే ఈ పూత చాలట్లేదు, తూటా చుట్టూ ఉండే గాడుల్లోకి గ్రీజు కూరి సైజు కూడా ఒకే దెబ్బలో చేసే మిషన్ కొంటాను అని. మూడు పేర్లు పంపాడు: లైమన్ 4500, ఆర్‌సీబీఎస్ లామ్-2, స్టార్. ఏది మంచిదో చూసి చెప్పండి మామయ్యగారూ అన్నాడు. ఫోటోలు చూస్తే నాకు మూడూ నిమ్మకాయ పిండే మిషన్ల లాగే ఉన్నాయి.

అమ్మాయికి ఆరో నెల. పురుడు పోయడానికి డిసెంబర్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. ఈలోపు నేనే ఈఎన్-31 (బేరింగ్ ఉక్కు) ముక్కలో ఒక డై తిప్పి, హార్డెన్ చేయించి, లోపల 0.358 అంగుళాలకి హోనింగ్ కొట్టి సూట్‌కేసులో పట్టుకెళ్దామని ఉంది. సాయంత్రం రెండు గంటల పని. ఏమంటారు?

కానూరు_సీఎన్‌సీ

బాబాయ్, కస్టమ్స్ వాడు ఇదేంటని అడిగితే "అల్లుడి తూటాలు నున్నగా చేసేది" అంటావా? పిన్నిని వేరే లైన్లో నిలబెట్టు, ఆవిడైనా ఆవకాయతో సేఫ్‌గా బయటపడుతుంది.

బ్రాడీపేట_ప్లీడర్

టర్నర్ గారూ, నవ్వులాట తర్వాత, ముందు ఆ ఈఎన్-31 ముక్కని పక్కన పెట్టండి.

మన ఆయుధాల చట్టం 1959లో 'ఆమ్యునిషన్' అనే మాటకి అర్థం చాలా పెద్దది. రెండో సెక్షన్ చదవండి. తయారైన తూటా ఒక్కటే కాదు, దాని భాగాలు, దాన్ని తయారుచేసే యంత్ర సామగ్రి కూడా అందులోకే వస్తాయి. లైసెన్సు లేకుండా తయారుచేయడం అయిదో సెక్షన్ కింద నిషేధం, పదో సెక్షన్ ప్రకారం దిగుమతి ఎగుమతులకీ లైసెన్సు ఉండాలి. అంటే మీరు ఆటోనగర్‌లో ఆ డై తిప్పడమే తప్పు, సూట్‌కేసులో పెట్టడం రెండో తప్పు. నేను బుష్ తిప్పాను, వాడు దాన్ని దేనికి వాడతాడో నాకేం తెలుసు అనడానికి కూడా దారి లేదు, ఇక్కడ మీ చేత్తో మీరే అంతా రాసేశారు. 25వ సెక్షన్‌లో శిక్షలు ఏళ్ల లెక్కలో ఉంటాయి, నెలల లెక్కలో కాదు.

అల్లుడు గారు అక్కడి చట్టం ప్రకారం చేసుకుంటే అది ఆయన ఇష్టం. ఇది చదివి మన దగ్గర ఎవరైనా "సీసమే కదా" అని మొదలుపెడితే మాత్రం నా దగ్గరికి రావద్దు, నేను క్రిమినల్ కేసులు మానేసి ఆరేళ్లయింది.

పటమట_టర్నర్

ప్లీడర్ గారూ, మీ మాట శిరోధార్యం. ముక్క చక్‌లో కూడా పెట్టలేదు, నిజంగా. దాన్ని వేరే బేరింగ్ పనికి వాడేశాను. డై ఏదైనా అక్కడే కొనుక్కుంటాడు. మిషన్ సంగతి చెప్పండి.

డల్లాస్_తెనాలి

అన్నగారూ నమస్తే. మాది తెనాలి దగ్గర పల్లె, పద్దెనిమిదేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాను. పోత తూటాల పని పదేళ్ల నుంచి చేస్తున్నా. ఆ మూడిట్లో రెండు నా బల్ల మీద ఉన్నాయి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

లైమన్, ఆర్‌సీబీఎస్ ఒకే జాతివి. పోత ఇనుము బాడీ, పక్కన గొట్టంలో మధ్యలో రంధ్రం ఉన్న మైనం కడ్డీ, దాని మీద స్క్రూ. స్క్రూ తిప్పితే మైనం ఒత్తిడితో డై చుట్టూ ఉన్న సన్న రంధ్రాల్లోకి వస్తుంది. తూటాని ముక్కు పైకి ఉండేలా డై మీద నిలబెట్టి హ్యాండిల్ దించితే పై పంచ్ దాన్ని లోపలికి నొక్కుతుంది, గాడుల్లోకి మైనం ఎక్కుతుంది, హ్యాండిల్ ఎత్తితే వచ్చిన దారినే పైకి వస్తుంది. ఈ రెండు కంపెనీల డైలు ఒకదానిలోవి ఇంకోదానికి పడతాయి, అదొక సుఖం. చిక్కు ఎక్కడంటే పై పంచ్ తూటా ముక్కు ఆకారానికి సరిపోవాలి. సరిపోకపోతే తూటా ఒక పక్కకి వాలి ఎక్కుతుంది, ఒకవైపు గీరుకుపోతుంది, ఇంకోవైపు డై తగలను కూడా తగలదు. చేతిలో తిప్పి చూస్తే ఒక పక్క మెరుపు, ఇంకో పక్క మసక. మీకు చెప్పాలా, నాలుగు దవడల చక్‌లో సెంటర్ తప్పిన జాబ్ లాగా ఉంటుంది.

స్టార్ పద్ధతి వేరు. ముక్కు కిందకి పెట్టి నొక్కడమే, ఒక తూటా ఇంకోదాన్ని తోసుకుంటూ కింది నుంచి బయటకి వస్తాయి. పైకి వెనక్కి రావడం ఉండదు. పంచ్ ఆనేది తూటా అడుగుకి కాబట్టి ముక్కు ఆకారంతో పని లేదు. వేగం చాలా ఎక్కువ. డైలు దానివి దానికే, మిగతా రెండిటితో కలవవు, ఖరీదు కూడా. వారానికి వేలల్లో పోసేవాళ్లకి అది. నెలకి మూడు నాలుగొందలకి స్టార్ అంటే ఇద్దరున్న ఇంట్లో హోటల్ గ్రైండర్ పెట్టుకున్నట్టు.

లైమన్‌కి కింద హీటర్ బిగించుకోవచ్చు. గట్టి మైనాలు వేడి చేస్తే గానీ పారవు. మెత్తటివాటికి అక్కర్లేదు. అయితే హ్యూస్టన్ ఎండాకాలం గ్యారేజీ అంటే మన మే నెల రేకుల షెడ్డే, మెత్తటి మైనం పెట్టి స్క్రూ బిగించి వదిలేస్తే తెల్లారేసరికి డై నిండా, బల్ల నిండా కారి ఉంటుంది. పని అవగానే స్క్రూ ఒక చుట్టు వెనక్కి తిప్పాలి. నేను ఒకసారి మర్చిపోయి కొత్త జీన్స్ పాడుచేసుకున్నా.

ఇదంతా చెప్పాక అసలు మాట. యాభై రౌండ్లకే సీసం పడుతోందంటే నేను ముందు అనుమానించేది పూతని కాదు, కొలతని. తూటా బ్యారెల్ కన్నా సన్నగా ఉంటే వెనక వేడి గాలి పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కోసుకుంటూ పోతుంది. ఎంత ఖరీదైన గ్రీజు కూరినా ఆ సందు మూసుకోదు. బ్యారెల్ లోపల తూటాని తిప్పే గాడుల అడుగు వ్యాసం ఎంత, రౌండ్లు పెట్టే సిలిండర్‌లో ఆరు అరల ముందు మెడలు ఎంత, అల్లుడి తూటా ఎంత? ఈ మూడు అంకెలు లేకుండా మిషన్ కొనడం గుడ్డి బేరం.

పటమట_టర్నర్

తమ్ముడూ, ఇది కదా నాకు కావాల్సిన భాష. అంకెలు అడిగాను. డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి తూటా 0.357 అన్నాడు. బ్యారెల్ కొలవలేదట. డై మీద ఏం చెక్కి ఉందిరా అంటే "358 అనుకుంటా మామయ్యగారూ" అన్నాడు. ఆ అనుకుంటా దగ్గరే నాకు డౌట్ వచ్చింది. మన షాపులో ఎవడైనా కుర్రాడు కొలత చెప్పి చివర అనుకుంటా అంటే ఆ జాబ్ మళ్లీ కొలవాల్సిందే.

పైగా వెర్నియర్. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు, 0.0254 మిల్లీమీటర్. వెర్నియర్ దవడ కాస్త వాలినా, చెయ్యి కాస్త గట్టిగా నొక్కినా అంత తేడా వచ్చేస్తుంది. ఇక్కడ గొడవే ఒకటి రెండు థౌల మీదైతే దాన్ని వెర్నియర్‌తో తేల్చడం కుదరదు. మైక్రోమీటర్ కొనమన్నాను.

రేంజ్_కుర్రాడు

నేను గుంటూరులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడతాను అంకుల్. మేం పెల్లెట్లు తయారుచేయం, డబ్బాలు కొంటాం, కానీ ఈ కొలత పిచ్చి మాకూ ఉంది. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ అని పేరే గానీ తల సైజులు 4.49, 4.50, 4.51 అని వేరే వేరే వస్తాయి. రైఫిల్‌ని బిగించి ఒక్కో డబ్బాలోంచి పది పది కొట్టి, ఏ సైజుకి టార్గెట్ మీద రంధ్రాల గుంపు చిన్నగా వస్తే అదే కొనుక్కోవాలి. టార్గెట్‌లో 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. మా సీనియర్‌కి 4.50 బాగా పడితే అదే కంపెనీ అదే మోడల్ రైఫిల్‌లో నాకు 4.49 పడింది. కాబట్టి పక్కవాడి సైజు మనకి పనికిరాదు.

పోతపని_గుంటూరు

నాది గుడి గంటలు, చిన్న విగ్రహాల పోత పని. మైనం అంటే చెవులు నిక్కబొడుచుకున్నాయి. వాళ్లు వాడే ఆ కడ్డీలో ఏముంటుంది? మేం తేనెమైనంలో గుగ్గిలం, కాస్త నూనె కలిపి కరిగించి బొమ్మ చేస్తాం. ఎండాకాలం గుగ్గిలం ఎక్కువ, చలికాలం నూనె ఎక్కువ. చేతిలో పిసికితే తెలిసిపోతుంది, కొలతలేం ఉండవు.

డల్లాస్_తెనాలి

అన్నా, మీరు చెప్పిందే ఇంచుమించు. పాత సూత్రం ఒకటి ఉంది, తేనెమైనం సగం, ఆలాక్స్ అనే తుప్పు పట్టకుండా వాడే మైనపు గ్రీజు సగం. ఇప్పటికీ చాలామంది అదే వాడతారు. తేనెమైనం ఒక్కటే అయితే గట్టిగా, పెళుసుగా ఉంటుంది. లీ వాళ్ల సీసాలో ఉన్నది కూడా ఆలాక్సే, పల్చగా చేసింది. తూటాల్ని డబ్బాలో వేసి నాలుగు చుక్కలు పోసి దొర్లించి కాగితం మీద ఆరబెడితే సరి. బెల్లం పాకం జిడ్డు ఉంటుంది, వాసన వేరే. బద్ధకస్తుల పూత అంటారు గానీ కొలత సరిగ్గా ఉన్న తూటాకి మామూలు రివాల్వర్ వేగాల్లో అది బాగానే పనిచేస్తుంది.

కానూరు_సీఎన్‌సీ

ఇంత గొడవెందుకు, పౌడర్ కోటింగ్ చేసుకోమనండి. మేం గ్రిల్స్‌కి వేసేదే కదా, అదే పాలియెస్టర్ పౌడర్‌ని తూటాలకీ వేస్తున్నారని వీడియోలు చూశా. గ్రీజు లేదు, జిడ్డు లేదు, రంగు రంగులు.

డల్లాస్_తెనాలి

నిజమే, నేను కూడా సగం అలాగే చేస్తున్నా. ప్లాస్టిక్ డబ్బాలో పౌడర్‌తో కుదిపి, 200 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఓవెన్‌లో పెడితే పట్టేస్తుంది. ఆ ఓవెన్‌లో మళ్లీ తిండి వండకూడదు, అది గుర్తుంచుకోండి. చేతికి సీసం అంటడం తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. కానీ పూత వేశాక తూటా లావెక్కుతుంది, ఎలాగూ మళ్లీ డైలోంచి తోయాల్సిందే. దానికి మామూలు లీ డై చాలు, లైమన్ అక్కర్లేదు. అంటే కోటింగ్ వేసేవాడికి గ్రీజు మిషనే దండగ. ఇంకోటి, సన్న తూటాకి రంగేసినా సన్న తూటాయే.

30-30 రైఫిల్ సంగతి వేరు. దాని వేగానికి తూటా అడుగున రాగి టోపీ తొడుగుతారు, గ్యాస్ చెక్ అంటారు. ఆ పనికి లైమన్ హ్యాండిల్ సుఖంగా ఉంటుంది, నిటారుగా కూర్చుంటుంది. రైఫిల్ తూటాలు ఎక్కువ పోసేట్టయితే అప్పుడు లైమనో ఆర్‌సీబీఎస్సో ఆలోచించవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో కూడా భయం లేదు, పోత ఇనుము, ఏం పోతుంది.

కొత్తపేట_బ్యాటరీ

అందరూ మిషన్ గురించి మాట్లాడుతున్నారు. టర్నర్ గారూ, మీ అమ్మాయికి ఆరో నెల అన్నారు. ఆ సీసం కరిగించే గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉందా?

మాది మూడు తరాల బ్యాటరీ పని. మా నాన్న ప్లేట్లు కరిగించి పోసేవాడు, చేతులు కడుక్కోకుండానే బీడీ ముట్టించేవాడు. యాభై దాటాక కుడిచేతి మణికట్టు వాలిపోయింది, గ్లాసు ఎత్తలేకపోయేవాడు, కడుపునొప్పి అని ఎంతమంది దగ్గర తిరిగామో. చివరికి రక్తంలో సీసం అని తేలింది. అప్పటికే ఆలస్యం.

జనం పొగ ఒక్కటే చూసి భయపడతారు. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, వాళ్లు వాడే వేడిలో ఆవిరి తక్కువే. అసలు ప్రమాదం పైన తీసేసే తెట్టు. అది ఆరిపోయాక సన్నటి బూడిద అవుతుంది, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది, బట్టలకి అంటుకుని మంచం దాకా వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ల ఒంట్లోకి వెళ్తే బిడ్డకీ చేరుతుంది, మాయ దాన్ని ఆపదు. ఇక పిల్ల పాకే వయసుకి వస్తే నేల మీద ఉన్నదంతా నోట్లోకే. రక్తంలో సీసం ఇంత వరకు ఉన్నా పరవాలేదు అనే అంకె పిల్లలకి లేదు.

ఇంకోటి. అల్లుడు గారు పాత బ్యాటరీ ప్లేట్లు మాత్రం కరిగించకూడదు. అందులో ఆంటిమొని, కాల్షియం, ఒక్కోసారి ఆర్సెనిక్ కూడా కలుస్తాయి, దాని తెట్టుకి తడి తగిలితే విషవాయువులు వస్తాయి. కరిగిన సీసంలో నీటిచుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, మొహం మీదకి ఎగురుతుంది.

పటమట_టర్నర్

బ్యాటరీ గారూ, మీ పోస్టు చదివి మా ఆవిడకి వినిపించాను. ఆవిడ అప్పటికప్పుడు అమ్మాయికి వీడియో కాల్. గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది, మధ్యలో తలుపొకటి, బట్టలు ఉతికే మిషన్ కూడా ఆ గ్యారేజీలోనే. అల్లుడు మొహం చిన్నబోయింది. కరిగించే పాట్ ఆ రోజే మూసేశాడు. ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకుంటామన్నారు.

నేనిక మిషన్ మాట ఎత్తట్లేదు. అయితే అప్పటికే పోసిపెట్టిన తూటాలు రెండు వేలు డబ్బాల్లో ఉన్నాయట. వెళ్లాక కొలతలు మాత్రం నేనే స్వయంగా తీస్తా.

డల్లాస్_తెనాలి

అన్నగారూ, ఒక్క మాట, ముందే చెప్పకపోతే తర్వాత నేను బాధపడతాను. మీరు వచ్చేది విజిటర్ వీసా మీద. ఆ వీసాలో ఉన్నవాళ్లు ఇక్కడ తుపాకీ గానీ ఆమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, మీకు ఆ తలనొప్పి ఎందుకు. ఇక్కడి చట్టంలో కూడా ఉత్త సీసపు తూటా ఆమ్యునిషన్ కిందకే వస్తుంది. కొలతలు మీరు చెప్పండి, పట్టుకునేది అల్లుణ్ణి పట్టుకోనివ్వండి.

కానూరు_సీఎన్‌సీ

ముప్పైఐదేళ్ల అనుభవం ఉన్న టర్నర్‌ని మైక్రోమీటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చోమంటారా. పాపం బాబాయ్.

పటమట_టర్నర్

హ్యూస్టన్ నుంచి రాస్తున్నా. వచ్చి పన్నెండు రోజులైంది. ఆలస్యానికి క్షమించండి, ఇక్కడ పగలు నిద్ర, రాత్రి మెలకువ.

మొన్న శనివారం కొలతల కార్యక్రమం పెట్టుకున్నాం. గ్యారేజీలో వద్దని అమ్మాయి ఆర్డరు, అందుకని వెనక పెరట్లో టేబుల్, పైన పాత న్యూస్‌పేపర్లు. నేను కుర్చీలో, చేతులు ఒళ్లో. అల్లుడు రివాల్వర్ ఖాళీ అని రెండుసార్లు చూపించి, సిలిండర్ ఊడదీసి పక్కన పెట్టాడు. చేపల గాలానికి కట్టే మెత్తటి సీసపు గుండు ఒకటి తెచ్చాడు. దానికి నూనె రాసి బ్యారెల్ మూతి మీద పెట్టి చెక్క సుత్తితో ఒక దెబ్బ వేస్తే, చుట్టూ సన్నగా సీసపు ఉంగరం తెగి పడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇత్తడి కడ్డీతో మెల్లగా తోస్తుంటే మొదట బిగువుగా, తర్వాత ఒకే తీరున జారింది. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారి బిగిస్తే అక్కడ బ్యారెల్ సన్నబడినట్టు అని చెప్పా, అలాంటిదేం తగల్లేదు.

గాలం గుండు తూటా కాదు కదా, అది నా చేతికి ఇచ్చాడు. చూద్దును కదా, అయిదు గాడులు. అయిదున్నప్పుడు ఒక గాడికి ఎదురుగా ఇంకో గాడి ఉండదు, మామూలు మైక్రోమీటర్ దవడల మధ్య పెడితే సరైన వ్యాసం రాదు. నేను ఇంటి నుంచి నా వీ-యాన్విల్ (వీ ఆకారపు దవడ) మైక్రోమీటర్ తెచ్చుకున్నాను గానీ అది మూడు అంచుల రీమర్లకి వాడేది, 60 డిగ్రీల వీ. అయిదిటికి 108 డిగ్రీలది కావాలి. ఏం చేస్తాం, పాత పద్ధతే. 0.05 మిల్లీమీటర్ల షిమ్ రేకు (పల్చటి రేకు) ఒక వరస బిగుతుగా చుట్టి కొలిచాం, 9.17 వచ్చింది, రెండు వైపుల రేకు 0.10 తీసేస్తే 9.07 మిల్లీమీటర్లు. అంటే 0.357 అంగుళాలు. మంచి బ్యారెల్.

సిలిండర్ మెడలకీ ఇలాగే ఆరు గుళ్లు కొట్టించాను. అన్నీ 9.09, 9.10 మధ్యలో ఉన్నాయి. బ్యారెల్ కన్నా 0.02, 0.03 ఎక్కువ, అలాగే ఉండాలని డల్లాస్ తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. మెడలే సన్నగా ఉంటే తూటాని అక్కడే నలిపి చిన్నది చేసేస్తాయట.

ఇక తూటా. అల్లుడు కొలుస్తున్నాడు, నేను రాచెట్ మూడు సార్లు టిక్ టిక్ అనేదాకా తిప్పు, బొటనవేలితో బిగించకు అని చెబుతున్నా. 9.05. ఇంకోటి తీశాడు, 9.05. పది తీశాడు, అన్నీ అంతే. బ్యారెల్ గాడుల కన్నా 0.02 తక్కువ, మెడల కన్నా 0.04, 0.05 తక్కువ. సందులోంచి గాలి పోక ఏమవుతుంది.

ఆ డై తీసుకురమ్మన్నా. నల్లగా జిడ్డు పట్టి ఉంది. గుడ్డకి కిరసనాయిలు లాంటిదేదో రాసి తుడిచాడు. అంకె బయటపడింది. 356, అంటే 0.356 అంగుళాలు. రెండేళ్ల క్రితం 9 ఎంఎం పిస్టల్ ఒకటి ఉండేదట, దానికి కొన్న డై. పిస్టల్ అమ్మేశాడు, డై ఉంచుకున్నాడు, తర్వాత దీనికి కూడా అదే వాడుతూ వచ్చాడు. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. తర్వాత వాడే నవ్వేశాడు.

బ్రాడీపేట_ప్లీడర్

అంటే ఇన్నాళ్ల చర్చ ఒక తుడుపు గుడ్డతో తేలిపోయింది.

డల్లాస్_తెనాలి

సిగ్గుపడొద్దని చెప్పండి అన్నా, నేను ఒకసారి 45 తుపాకీకి 452 బదులు 451 డై ఆర్డర్ చేసి మూడు నెలలు మైనాన్ని తిట్టాను. ఇప్పుడు 358 లీ డై ఒక్కటి కొంటే చాలు. కానీ ఆ సైజయిన రెండు వేలు మళ్లీ లావవ్వవు. వాటికి పౌడర్ పూత వేసి 358లోంచి తోస్తే పనికొస్తాయేమో చూడవచ్చు, లేదంటే తర్వాత కరిగించుకోవడమే. మిగిలినవాటిలో సైజు చేయనివి ఉన్నాయా?

పటమట_టర్నర్

నాలుగొందలు దాకా ఉన్నాయి, అచ్చులోంచి తీసినవి తీసినట్టే, 9.12, 9.13 ఉన్నాయి. కొత్త డై వచ్చింది, చేతికి గ్లోవ్స్ వేసుకుని పెరట్లోనే వంద తోశాడు, అదే పాత సీసాలో ద్రవమే దొర్లించాడు. నిన్న రేంజ్‌కి వాడొక్కడే వెళ్లి యాభై కాల్చాడు. వచ్చేటప్పుడు బ్యారెల్ ఫోటో పంపాడు. మొదట్లో కాస్త బూడిదరంగు, అంతే, గుడ్డముక్క రెండుసార్లు తోస్తే పోయిందట. వచ్చాక బూట్లు బయటే విప్పి, బట్టలు వేరే బకెట్‌లో వేసి, స్నానం చేసి గానీ లోపలికి రాలేదు. అది మా ఆవిడ పెట్టిన రూలు.

రక్తపరీక్షల్లో అమ్మాయికి ఏమీ లేదన్నారు. అల్లుడికి కొంచెం ఉంది, మూడు నెలలాగి మళ్లీ చూపించుకోమన్నారు.

కొత్తపేట_బ్యాటరీ

అమ్మాయి సంగతి విని మనసు కుదుటపడింది. ఆయన్ని రెండోసారి పరీక్షకి తప్పకుండా పంపండి. ఆ ఉతికే మిషన్ లోపల ఒకసారి ఖాళీగా తిప్పించండి.

పోతపని_గుంటూరు

పాట్ మూసేశాడు కదా, ఆయన దగ్గర తేనెమైనం ఏమైనా మిగిలితే తిరిగొచ్చేటప్పుడు తెస్తారా అన్నా? అక్కడిది పసుపుగా, కల్తీ లేకుండా ఉంటుందని విన్నా. మైనం మీద ప్లీడర్ గారికి అభ్యంతరం లేకపోతేనే.

బ్రాడీపేట_ప్లీడర్

మైనానికి అభ్యంతరం లేదు. ఆ 356 డై మాత్రం గుర్తుగా ఉంటుందని సంచిలో వేసుకు రాకండి.

పటమట_టర్నర్

దాన్ని డల్లాస్ తమ్ముడికే పోస్టులో పంపించేశాడు అల్లుడు, ఆయన దగ్గర 9 ఎంఎం ఉందట.

పాప పుట్టింది. నిన్న తెల్లవారుజామున, మూడు కిలోల నూట యాభై గ్రాములు. లైమన్ డబ్బులు ఉతికే మిషన్‌ని ఇంట్లోకి మార్చే ప్లంబరుకి పోతున్నాయి. తేనెమైనం రెండు కిలోలు దొరికింది, తెస్తున్నా.